అద్దాల బుల్లబ్బాయి

తెల్లారకముందే బుల్లబ్బాయి సగం అద్దాలు కడిగేశాడు. ముందు నీళ్లు, తరవాత పాత చీర గుడ్డ. ఆ చీర అతని భార్య రామతులసిది; ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడింది. పేరు బుల్లబ్బాయే గానీ మనిషికి యాభై దాటాయి. చెంపలు నెరిశాయి. కనుబొమలు ఎన్నడో పొయ్యి సెగకి మాడిపోయి, మళ్ళీ సరిగా మొలవలేదు.

రామచంద్రపురం శివార్లలో జోగేశ్వరరావు గారి ఉప్పుడుబియ్యం మిల్లు అది. నానిన ధాన్యాన్ని ఆవిరితో ఉడికించాలి. ఆ ఆవిరి కోసం బుల్లబ్బాయి వయసంతా ఊకపొయ్యి ముందే తెల్లారిపోయింది. పొగ గుండెల్లో చేరి దగ్గై కూర్చుంది. ఇంకా పొయ్యి దగ్గరే ఉంటే మనిషి దక్కడని డాక్టరు చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే, ఎనభై మూడులో, ప్రభుత్వం వారు ప్రయోగానికని మిల్లు డాబా మీద ఈ అద్దాలు పెట్టించారు. నిలువునా చీల్చిన గొట్టంలా వంగిన పొడవాటి అద్దాలు. వాటి నడుమ నల్లరంగు పూసిన ఇనప గొట్టం, దానిమీద గాజు తొడుగు. అద్దాల్లో పడ్డ ఎండంతా ఆ గొట్టం మీదికే చేరి, లోపలి నీళ్లని ఆవిరి చేసేది. పొగ లేదు, మసి లేదు. అద్దాలు తుడవడం, పొద్దు తిరిగినకొద్దీ చక్రం పట్టుకుని వాటినీ తిప్పడం, ఇదే పని. "సూర్యనారాయణమూర్తి గారి వంటవాడు" అని మిల్లులో వేళాకోళం చేస్తే నవ్వేవాడు. దగ్గు అడ్డం రాకుండా నవ్వగలిగిన రోజులవి.

ఆ వేళ ఆయుధపూజ. కింద యంత్రాలన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు. అద్దాలకి మాత్రం బుల్లబ్బాయి ఇనప కాళ్ళకే బొట్లు పెట్టాడు. గాజు మీద మరక పడనిస్తాడా! నానిన ధాన్యం పండగని ఆగదు గనక, పూజయ్యాక ఆవిరి పెట్టాలి. మధ్యాహ్నానికి ఎండ చురుక్కుమంటోంది.

రామతులసి అన్నం క్యారేజీతో డాబా ఎక్కింది. రెండో చేతిలో ఇత్తడి చెంబు. ముందురోజు పిఠాపురం వెళ్ళి పురుహూతికమ్మ తీర్థం తెచ్చింది. మొగుడి ఊపిరి ఈ అద్దాల్లోనే ఉందని ఆవిడ నమ్మకం. అది అబద్ధమూ కాదు.

"అన్నం పెట్టు, కింద ఆవిరి కుళాయి తిప్పొస్తా" అని అతను మెట్లు దిగాడు.

"అమ్మా, మా అద్దాల్ని చల్లగా చూడు తల్లీ" అంటూ ఆవిడ చెంబులో తీర్థమంతా ఆ గొట్టం మీద పోసింది.

ఠప్పుమంది. గాజు తొడుగు ఈ కొస నుంచి ఆ కొసకి చీలి, ముక్కలై రాలింది.

కాగిన గాజు మీద చన్నీళ్లు పడకూడదని బుల్లబ్బాయికి తెలుసు. అందుకే తెల్లారకముందు కడిగేది. రోజూ ఇంట్లో అద్దాల కబుర్లే చెప్పేవాడు, ఈ ఒక్కటీ చెప్పాలని తోచలేదు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే కాబోలు.

పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ గాజు పెంకుల నడుమ చెంబుతో నిలబడి ఉంది.

"తీర్థమే కదాని, మావా..."

ఆవిడ చేతిలో చెంబు మెల్లిగా లాక్కున్నాడు. అప్పటికే జోగేశ్వరరావు గారు పైకొచ్చారు.

"నేనే పోశానండి. బుద్ధి గడ్డి తింది" అన్నాడు బుల్లబ్బాయి.

"ఎంత పని చేశావురా! ఆ గాజు బొంబాయి నించి రావాలి. కింద చూస్తే ధాన్యం నాని కూచుంది, రేపటికి కంపెత్తిపోద్ది." చెడ్డమనిషి కాదాయన, అడగలేక అడిగారు. "ఎండ లేనప్పుడు పొయ్యి రాజేసే రాముడు పండక్కి ఊరెళ్ళాడు. ఈ పూటకి పొయ్యి చూడగలవా?"

"ఆయ్, అలాగేనండి."

"వద్దు మావా, డాక్టరు గారు..." అంది రామతులసి.

"ఒక్కపూటే కదే, ఉండు."

గుడ్డ పిండి అద్దం కాలికి కట్టి, "రేప్పొద్దున్నే కావాలి" అంటూ దిగిపోయాడు.

ధాన్యం చక్కగా ఉడికింది. దీపాలు పెట్టే వేళకి పొయ్యి పక్కన గోనెబస్తాకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రామతులసి అదే చెంబుతో మంచినీళ్లు తెచ్చి పెదాలకి పెట్టింది. నీళ్లు గడ్డం మీదుగా జారిపోయాయి. గుటక పడలేదు.

"నేనే పోశానయ్యగారూ! మా ఆయన కాదు, నేనే పోశాను!" అని ఆవిడ గుండె పగిలేలా ఏడ్చింది. జోగేశ్వరరావు గారు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మర్నాడు ఎండ మామూలుగానే డాబా ఎక్కింది. అద్దాల మీద రాత్రి ఊక బూడిద పొరగా కూర్చుంది. ఇనప కాలికి కట్టిన చీర గుడ్డ, అతను పిండిన మెలికలు మెలికలుగానే ఎండిపోయి ఉంది.