చెయ్యెత్తిన పిల్ల

జనగామలో కత్తుల బడి ఎక్కడంటే ఆటోవాళ్లెవరైనా చూపిస్తారు. పాత కమ్యూనిటీ హాలు, దాని ముందు గోడ మీద కోచ్‌ల ఫ్లెక్సీ. ఇద్దరి ముఖాలకూ స్టూడియోవాడు సరదా తీరా సున్నం కొట్టాడు. పైనున్నది అబ్రహాం సారు. బచ్చన్నపేటలో పత్తి చేన్ల మధ్య పెరిగి, మిలిటరీలో చేరి, అక్కడ తుపాకీతోపాటు ఫెన్సింగ్ కత్తి పట్టుకోవడం కూడా నేర్చుకుని, సైనికుల పోటీల్లో వెండి పతకం తెచ్చుకున్నవాడు. ఊళ్లో ఆ పతకాన్ని చూసి, కరిగిస్తే ఎంతొస్తుందని అడిగినవాళ్లే తప్ప ఎట్లా వచ్చిందని అడిగిన పుణ్యాత్ముడు లేడు.

కిందున్నది కల్యాణి. గంగారం అవతల తండాలో పుట్టింది. హాస్టల్లో చదువుకుంటుండగా అబ్రహాం సారు కంటబడింది. జూనియర్ జాతీయ పోటీల్లో కాంస్యం. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ సారు పట్టుబట్టి ఎర్రక్షరాల్లో ఇంకో ముక్క రాయించాడు: లైటు చూడని దెబ్బను తానే ఒప్పుకున్న వీరనారి. కల్యాణి రోజూ ఆ ఫ్లెక్సీ పక్కనుంచే లోపలికి పోతుంది. ఆ అక్షరాల వైపు మాత్రం తలెత్తదు.

సంగతేమిటంటే, ఈ ఆటలో కత్తి మొనకు చిన్న మీట ఉంటుంది. అది అవతలివాళ్ల ఒంటికి గట్టిగా నొక్కుకుంటే పక్కనున్న పెట్టె మీద లైటు వెలుగుతుంది, పాయింటు వస్తుంది. కత్తుల బడిలో ఆ పెట్టె ఏనాడో పాడైంది. సారు దాన్ని బాగు చేయించలేదు. "లైటెందుకు? తగిలినోనికి తెల్వదా?" అన్నాడు. అప్పట్నుంచి అక్కడ ఒకటే పద్ధతి. దెబ్బ తగిలినవాళ్లే ఆగి ఎడమ చెయ్యి పైకెత్తాలి. కొట్టినవాళ్లు నోరెత్తకూడదు. పిల్లలకు అది ఊపిరి పీల్చినంత అలవాటైపోయింది.

కల్యాణికీ అంతే అలవాటైంది, కొంప ముంచింది. జాతీయ పోటీల సెమీఫైనల్లో ఇద్దరూ సమానంగా ఉన్నప్పుడు అవతలి పిల్ల కత్తి ఆమె డొక్కలో తగిలింది. నొక్కు చాలలేదు, లైటు వెలగలేదు. కల్యాణి మాత్రం ఆగి చెయ్యెత్తింది. ఆపమని రిఫరీ అనలేదు కాబట్టి అవతలి పిల్ల మళ్లీ పొడిచింది. ఈసారి లైటు వెలిగింది. సారు ఆ రోజు కల్యాణిని భుజాన ఎత్తుకుని తిరిగాడు. కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ మొదటి రోజు ఆ కథే చెప్పేవాడు. కల్యాణి పక్కన నిలబడి పెదాలతో నవ్వేది. ఆ ఒక్క పాయింటు దక్కితే క్రీడల కోటాలో ఉద్యోగం వచ్చేదేమో, మోకాలు పోయేదాకా ఊరూరా తిరిగి ఆడాల్సిన ఖర్మ తప్పేదేమో అని ఆమె లోలోపల ఎంత కుమిలిందో సారుకు తెలియదు. తెలిస్తే ఆయన గుండె ఆగిపోతుందని ఆమె భయం.

ఇప్పుడు సారుకు పక్షవాతం. కుడి పక్క పడిపోయింది. రోజూ గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంటాడు. బడి భారమంతా కల్యాణిదే. ఈసారి మున్సిపాలిటీవాళ్లు మొహమాటం లేకుండా చెప్పేశారు. ఒక్క పిల్లైనా రాష్ట్ర జట్టులోకి ఎక్కితే హాలు ఉంటుంది, లేకపోతే సామాన్లు పెట్టుకోవడానికి తీసుకుంటామన్నారు. కల్యాణికి ఉన్నది ఒకే ఒక్క ఆశ, మనీషా. పత్తి ఏరే రాణి కూతురు. పొడుగు చెయ్యి, పిల్లి అడుగు, చెప్పింది చెప్పినట్టు చేసే బుద్ధి.

ఆ బుద్ధే కల్యాణికి గుబులు పుట్టించింది. పోటీలకు ముందు ఓ సాయంత్రం పిల్లను దగ్గరికి పిలిచి, "మనీషా, ఆడ పెట్టె ఉంటది. లైటు ఎలగకుంటే..." అని మొదలుపెట్టింది. గుమ్మం దగ్గర సారు మెడ తిప్పి చూశాడు. కల్యాణి మాట మధ్యలోనే ఆపేసింది. "లైటు ఎలగకుంటే ఏంది మేడం?" అంది మనీషా. "ఏం లేదు, పో, ఆడుకో" అంది కల్యాణి.

ఎంపిక పోటీలు భూపాలపల్లిలో జరిగాయి. గెలిచిన ఒక్కరికే రాష్ట్ర జట్టులో చోటు. ఫైనల్లో మనీషాకు ఎదురుగా నిలబడింది చెల్పూర్ పిల్ల. దాని కోచ్ హరీశ్, డిప్లొమా చదివిన కుర్రాడు. వాళ్ల బడిలో కొత్త పెట్టె ఉంది, ఆ పిల్ల కళ్లెప్పుడూ లైటు మీదే. మనీషా మాత్రం లైటు వైపే చూడలేదు. పాయింటుకు పాయింటు చెల్లిస్తూ చివరికి పద్నాలుగు, పద్నాలుగు దాకా తెచ్చింది. ఇంకొక్కటి గెలిస్తే రాష్ట్ర జట్టు, హాలు, అన్నీ దక్కుతాయి.

చెల్పూర్ పిల్ల ముందుకు దూకింది. కత్తి మనీషా డొక్కను రాసుకుంటూ పోయింది. లైటు వెలగలేదు. అవతలి పిల్ల తూలింది, ఆమె ఛాతీ మొత్తం ఖాళీ. మనీషా చెయ్యి చాపితే చాలు. చాపలేదు. ఆగింది. ఎడమ చెయ్యి పైకెత్తింది. "ఎత్తకు బిడ్డా" అని కల్యాణి అరిచేలోపే చెల్పూర్ పిల్ల నిలదొక్కుకుని పొడిచేసింది, పెట్టె మీద లైటు ఎర్రగా వెలిగింది.

మనీషా ముసుగు తీసి ముందు చూసింది కల్యాణి వైపే. ఏడవడం లేదు. మెచ్చుకోలు కోసం చూస్తోంది. కల్యాణికి ఆ చూపు కంటే ఓటమే నయమనిపించింది. హరీశ్ వచ్చి చెయ్యి కలిపాడు. "మీ పిల్ల మంచిగాడింది అక్కా. గా చెయ్యెత్తుడు జర మాన్పియ్యుండ్రి" అన్నాడు. పాపం, మంచికే అన్నాడు.

బస్సులో మనీషా కిటికీ పక్కన కూర్చుని డొక్క మీద వేలు పెట్టుకుంది. "మేడం, నీకు గూడ గీడనే తగిలిందా ఆనాడు?"

"పండుకో బిడ్డా. జర పండుకో" అంది కల్యాణి. బయట పత్తి చేన్లు తెల్లగా పగిలి ఉన్నాయి. రేపటి నుంచి ఈ పిల్ల తల్లి రాణి వెంట పత్తి ఏరడానికి అక్కడికే పోతుందని ఆమెకు తెలుసు.

హాలు దగ్గర పిల్లలంతా సారు కుర్చీ చుట్టూ ఎదురుచూస్తున్నారు. కల్యాణి నోరు తెరవకముందే మనీషా పరుగెత్తింది. "సారూ, ఓడిపోయిన. కాని లైటు ఎలగకున్నా నేనే చెయ్యెత్తిన."

సారు ముఖంలో సగం మాత్రమే నవ్వగలదు. ఆ సగం వెలిగిపోయింది. బాగున్న ఎడమ చెయ్యి పిల్ల తల మీద పెట్టి, మాట కూడదీసుకుని, "మా కల్యాణి లెక్కనే... గెలిచినవ్ బిడ్డా" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు వినేసరికి ఇన్నేళ్లుగా అణచుకున్నది కల్యాణిలో తెగింది.

"గెలుపెక్కడిది సారూ?" అంది. "నేను ఆనాడు గెలవలే. ఓడిపోయిన. ఓడిపోయి, గదే గెలుపని నువ్వు చెప్పంగ ఊకున్న. చెయ్యెత్తినందుకు ఇయ్యాల్టిదాంక ఏడుస్తున్న. ఇగో, ఈ పిల్లను గూడ నా తీర్గనే ఆగం జేసినం. రేపు హాలుకు తాళం పడ్తది. ఇగ ఏం నేర్పుతవ్ సారూ?"

చప్పట్లు ఆగిపోయాయి. సారు చెయ్యి పిల్ల తల మీద నుంచి జారి ఒళ్లో పడింది. ఇన్నాళ్లూ కల్యాణి భయపడ్డది ఇదే. ఆమె తలదించుకుంది, చెప్పుకుంటే తగ్గుతుందనుకున్న బరువు ఇసుమంతైనా తగ్గలేదు.

తలెత్తేసరికి మనీషా ఆమెనే చూస్తోంది. బస్సు దిగినప్పటి వెలుగు ఆ ముఖంలో లేదు. మెల్లగా రెండడుగులు వెనక్కి వేసి, నేర్చుకున్న పద్ధతి ప్రకారం నిటారుగా నిలబడి, ఎడమ చెయ్యి పైకెత్తింది.