కొల్లేటి ఫోటో కింద లేని పేరు

నేను కెమెరా లెన్సు ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్‌ని. నా చేత పని చేయించుకోవడం తెలిసిన మనిషిని ఇంతవరకూ ఒక్కరినే చూశాను. ఆవిడ పేరు ఏ ఫోటో కిందా లేదు.

నన్ను చేసినవాళ్లు రెండు అద్దాల మధ్య సన్నటి పొర పెట్టి, చుట్టూ తిరిగే రింగు బిగించారు. ఆ రింగు తిప్పితే నీళ్ల మీద, ఆకుల మీద పడి వచ్చే మెరుపును అడ్డుకుంటాను. తిప్పకపోతే ఉత్త నల్ల గాజుముక్కని. ఈ సంగతంతా ఒక కాగితం మీద అచ్చు వేసి నాతోపాటు డబ్బాలో పెట్టారు. కోదండపాణి మాస్టారు ఆ కాగితాన్ని మడిచి, ఊగుతున్న కుర్చీ కాలి కింద దూర్చారు.

ఆయన ఏలూరులో డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యారు. ఫోటోగ్రఫీ క్లబ్బుకు ఉపాధ్యక్షులు. బెజవాడ కొట్టువాడు "ఆకాశం నీలంగా వస్తుందండీ" అంటే నన్ను కొన్నారు. దసరాకి ఆయుధపూజలో కెమెరాకి పసుపు రాసి, నా రింగు మీద మూడు చోట్ల తడి కుంకుమ పెట్టారు. అది సందులోకి దిగి గట్టిపడింది. రింగు బిగుసుకుపోయింది. ఆయనకు తెలియలేదు. అది తిరిగేదని తెలిస్తే కదా.

ఆ తర్వాత ఆయన తీసిన ఫోటోలన్నీ మబ్బు పట్టినట్టే వచ్చాయి. క్లబ్బులో దాన్ని గాంభీర్యం అన్నారు.

శ్రావణంలో పూజ సామాను తోముతూ ఆయన భార్య వకుళమ్మగారు నన్నూ తడిగుడ్డతో తుడిచారు. రింగు కదిలింది. ఆవిడ నన్ను కంటికి ఆనించుకుని, పెరట్లో నీళ్లతొట్టి వైపు చూస్తూ తిప్పారు. తొట్టిలో ఆకాశం పోయి, అడుగున పడిన చెంబు కనబడింది.

"ఏవండీ, ఇది తిరుగుతుందండీ."

"విరగ్గొట్టావా?" అన్నారాయన.

ఆ ఆదివారమే కొల్లేటిలో క్లబ్బు పోటీ. సంచీ, పులిహోర మోయడానికి ఆవిడను కూడా దోనె ఎక్కించారు. దోనె నడిపే ఏడుకొండలు చెయ్యి చాపాడు. "అదిగో మాస్టారూ, కొర్రమీను పిల్లల్ని కాస్తంది."

మాస్టారు టపటపా నొక్కారు. తీసిన ప్రతి ఫోటోలోనూ ఆకాశమే. "నీళ్లలో చేప ఫోటోకి దొరకదు. అది ప్రకృతి," అని తేల్చేశారు.

"ఇటివ్వండి. తమ్ముడూ, ఎండ నా భుజం మీద పడేట్టు దోనె తిప్పు," అన్నారు వకుళమ్మగారు. వంగి, రెండు వేళ్లతో నన్ను పట్టుకున్నారు. "రేడియోలో స్టేషను పట్టినట్టు తిప్పాలండీ. కాస్త ముందుకు పోనిచ్చి, మళ్లీ వెనక్కి."

నీళ్ల మీది తెలుపు కరిగిపోయింది. ఎర్రటి పిల్లల గుంపు, దాని కింద నల్లగా తల్లి. ఆవిడ ఒక్కసారే నొక్కారు.

"అబ్బో, అమ్మగారు కొట్టేశారు మాస్టారూ!"

"కెమెరా ఎవరిదిరా?" అన్నారు మాస్టారు.

మొదటి బహుమతి వచ్చింది. ఫోటో కింద ఆయన పేరు. ఆవిడ ప్రదర్శన హాల్లో దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. "నా పేరు చిన్న అక్షరాలతోనైనా వేయించలేకపోయారా?" అని అడిగారు.

"వచ్చే ప్రదర్శనకి వేయిస్తాలే."

మాఘంలో జ్వరం వచ్చి ఆవిడ పోయారు.

మొన్న క్లబ్బువాళ్లు అదే ఫోటోను మళ్లీ గోడకు తగిలించి, కొత్తవాళ్లకు నా వాడకం నేర్పమని మాస్టారిని పిలిచారు. ఫోటో కింద అంటించాలని ఆయన ఆవిడ పేరు రాసిన చీటీ ఒకటి జేబులో పెట్టుకుని వెళ్లారు. అదే జేబులో నేనూ ఉన్నాను.

నన్ను తీసి పైకెత్తి, "రేడియోలో స్టేషను పట్టినట్టు తిప్పాలి," అన్నారు.

"భలే చెప్పారు సార్! మీకెవరు నేర్పారండీ?" అంది ముందు వరసలో ఒక అమ్మాయి.

ఆయన చెయ్యి జేబులోకి వెళ్లింది. రుమాలుతో బయటికి వచ్చింది. మొహం తుడుచుకున్నారు.

"అనుభవం," అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటికి వచ్చాక నన్ను డబ్బాలో పెట్టారు. నేను లోపల కదులుతున్నానని ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి నా కింద దూర్చారు. ఇప్పుడు కదలడం లేదు.

చెప్పవలసింది చెప్పాను. ఈ సంగతి ఇక ఎవరడిగినా ఎత్తను.