ముందు ఇనుము, తర్వాత మనిషి

నైలాన్ దారం మిల్లులో రోజంతా నిద్రలో నడిచినట్టే ఉంటుంది. తెగిన పోగులు గాల్లో తేలుతూ వచ్చి జుట్టుకీ చేతులకీ వాటంతటవే అతుక్కుంటాయి. దారం రాసుకుంటూ పరిగెడుతుంటే ఆ రాపిడికి పుట్టే కరెంటు మనుషులకూ అంటుకుంటుంది. కాళ్ళకేమో రబ్బరు చెప్పులాయె, నేలలోకి దిగే దారేదీ? ఒంట్లోనే పోగై కూర్చుని, ఎవరిని ముట్టుకుంటే వాళ్ళ మీదికి చిటుక్కున దూకుతుంది. చలికాలం పొడిగాలికైతే మరీను. ఇనుము ముట్టుకుంటే అందులోకి దిగిపోతుంది. అందుకే అక్కడ ముందు ఇనుము, తర్వాతే మనిషి.

ఆ మిల్లులో దారం చుట్టే ఒకావిడకు పెళ్ళయి నెలయింది. పెళ్ళితోపాటే ఆరేళ్ళ కూతురూ వచ్చింది, తల్లిలేని పిల్ల. దాన్ని ఒక్కసారి ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలని ఆవిడ ప్రాణం కొట్టుకుపోయేది. మొదటిరోజే బుగ్గ నిమరబోతే చిటుక్కుమంది, పిల్ల కెవ్వుమంది. బాగుంది సంబడం! ఆనాటి నుంచీ ఇల్లు చేరగానే కిటికీ ఇనప చువ్వ పట్టుకుని, అప్పుడు పిల్ల దగ్గరికి వెళ్ళేది. అయినా పిల్ల రోజుకింత వెనక్కే జరిగేది.

ఒక సాయంత్రం, వెలుగు వెళ్ళాలా వద్దా అని గడప దగ్గర తచ్చాడుతున్న వేళ, ఆవిడ చువ్వ వైపు చెయ్యి చాచింది.

"నేనంటే మీకు ఇష్టం లేదా?" అంది పిల్ల మూల నుంచి.

"అదేం మాటమ్మా!"

"మరి నా దగ్గరికొచ్చే ముందు అది పట్టుకుంటారుగా. నాన్న కూడా చేదు మందు తాగేముందు మంచం కోడు అలాగే పట్టుకుంటాడు."

చాచిన చెయ్యి ఆగిపోయింది. ఆవిడ ఏడవలేక నవ్వి, ప్లాస్టిక్ చాప మీద చతికిలబడి, మిల్లు సంగతీ ఒంట్లో పోగయ్యేదాని సంగతీ అంతా చెప్పింది. పిల్ల నోరు తెరుచుకుని వింది.

"అంటే పొద్దున్నుంచీ పోగైందంతా తెచ్చి కిటికీకి ఇచ్చేస్తున్నావా?"

"నిన్ను కుడుతుందని, తల్లీ."

పిల్ల లేచొచ్చి కిటికీకి అడ్డంగా నిలబడింది. ఒక కన్ను గట్టిగా మూసుకుని, చూపుడు వేలు ముందుకు చాచింది.

"కుడితే కుట్టనీ. నాకివ్వు."

మసకచీకట్లో రెండు వేళ్ళ మధ్య నీలంగా ఒక నలుసు మెరిసింది. "అబ్బా!" అంది పిల్ల, వెనక్కి మాత్రం జరగలేదు. వేలు నోట్లో పెట్టుకుని ఆవిడ ఒళ్ళోకెక్కి సర్దుకు కూర్చుంది.

"రేపు ఇంకొంచెం ఎక్కువ తీసుకురా."