అలిగిన హంస

ఆ రోజు గంగుబాయి ఇంట్లో ఉన్నవాళ్లు: గడప మీద కూర్చుని చింతగింజల పొట్టు తీస్తున్న ఆమె బాపమ్మ, అంటే నాయనమ్మ, కమలవ్వ, పొయ్యి దగ్గర జిగురు కలియబెడుతున్న తల్లి దేవవ్వ, వాకిట్లో పాత ఊయల తొట్టెల చుట్టూ తిరుగుతున్న బాపు అంబదాస్, ఆయన తమ్ముడు లక్ష్మీరాజం, దొరల కోటలాంటి గడి నుంచి ఆ తొట్టెలను బండి మీద వేసుకొచ్చిన సిద్దిరాములు, ఆయన కోసం తెచ్చిన చాయ్ ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డ గంగుబాయి.

గంగుబాయికి పదిహేనేళ్లు. ఏడో తరగతి పాసై బడి మానేసింది. కొయ్య మీద రంగుల బొమ్మలు వేయడం నిర్మల్‌లో వాళ్ల తాతల నాటి పని. అయితే కుంచె మగవాళ్లదే. ఆడవాళ్లు గింజలు నూరాలి, జిగురు ఉడికించాలి, సుద్ద జల్లెడ పట్టాలి. లోపలి అర్ర అనే గదిలోకి మాత్రం రాకూడదు. రంగుల మీద బంగారంలా మెరిసే పూత ఆ అర్రలోనే తయారవుతుంది. అందులో ఏ ఆకు పసరు కలుస్తుందో ఆడపిల్ల చూసిందంటే రేపు అత్తింటికి మూటగట్టుకుపోతుందని పెద్దల భయం.

గంగుబాయికి పసరు సంగతి అక్కర్లేదు. ఉడుత వెంట్రుకల కుంచె పట్టుకుని కొయ్య మీద ఒక్క గీత లాగాలని ఉండేది. అడగాలని ఎన్నిసార్లు అనుకున్నా, జిగురు గిన్నె అందించి వెనక్కి వచ్చేసేది.

తొట్టెల పక్కపలక నిండా హంసల బారు. మొదటి హంస ముక్కున పట్టిన తీగ ఒకదాని ముక్కు నుంచి ఇంకోదాని ముక్కుకు అల్లుకుంటూ చివరిదాకా పోతుంది. నడిమధ్య ఒక హంస లేదు. అక్కడ తెల్లటి కొయ్య బయటపడి ఉంది.

"గీ గతి ఎట్ల పట్టిందే సిద్దిరాములన్నా?" అన్నాడు అంబదాస్.

"ఏం జెప్పాలె! తొట్టెల గొలుసులు తోమవే అంటే మా గడిల పనిచేసే పోశవ్వ చింతపండు, బూడిద పెట్టి తోమింది. మిగిలింది పారెయ్యబుద్ధి గాక పలక గూడ తోమింది."

"నయం. దొరసాని మనవరాలిని గూడ తోమలే," అన్నాడు లక్ష్మీరాజం.

సిద్దిరాములు నవ్వలేదు. "ఎల్లుండి పిల్లను తొట్టెల్లెయ్యాలె. గడిల కుర్చీలు పోయినయ్, అద్దాలు పోయినయ్, గీ తొట్టెల ఒక్కటే మిగిలింది. ముందు ఎట్లుండెనో అట్లనే కావాలంటుంది దొరసాని."

అంబదాస్ సుద్దముక్కతో పక్క హంసనే ఖాళీలో మళ్లీ గీసి చూశాడు. తీగ కలవలేదు. ఇటువైపు కొస పైన ఉంది, అటువైపు కొస హంసల కాళ్ల దగ్గర ఉంది. తుడిచి ఇంకోలా గీశాడు. ఈసారి తీగ కలిసింది గాని హంస గొంతుకు ఉరి బిగించినట్టుంది.

"అన్నా, ఎందుకీ పరేషాన్? మొత్తం గీకేద్దాం. పట్నంల ఇప్పుడు పూలగుత్తులే నడుస్తున్నయ్. పొద్దు నెత్తిమీదికొచ్చేదాక సూస్త, గంతే. ఆలస్యమైతే పూత ఆరదు," అన్నాడు లక్ష్మీరాజం. గీకుడు ఉలి తెచ్చి పక్కనే పెట్టుకున్నాడు.

గంగుబాయి ఆ ఉలినే చూసింది. తను పుట్టకముందు ఎవరో వేసిన హంసలు. ఒక్కటి పోయిందని అన్నింటినీ చెక్కేస్తారా?

ఆమె చాయ్ అరుగు మీద పెట్టి పెరట్లోకి పోయింది. ముగ్గు డబ్బా తీసి నేల మీద హంసకొక చుక్క పెట్టింది. చుక్కల నడుమ తీగను మెలికల ముగ్గులా తిప్పుకుంటూ వచ్చింది. మెలికల ముగ్గులో గీత ఎక్కడా తెగరాదు, ఏ చుక్కనూ విడిచిపెట్టరాదు. ఖాళీ చుక్క దగ్గర చెయ్యి ఆగింది. పైనుంచి వచ్చిన గీత కింది నుంచి బయటపడాలంటే చుక్క చుట్టూ వెనక్కి తిరగాలి. అంటే ఆ హంస ముందుకు చూడటం లేదు. మెడ వెనక్కి వంచి, తీగను తన పొట్ట కిందుగా లాగుతోంది. ఆమె పిండి చల్లుతూ ఆ మెడను గీసింది.

"గింత పొద్దెక్కినంక ముగ్గేందే పోరీ!" బాపమ్మ కేక. "ఓ అంబదాసూ, ఇటు రా. నీ బిడ్డ పిండంత పారబోసి ఏం గీసిందో సూడు."

అందరూ వచ్చారు. గంగుబాయి డబ్బా ఒళ్లో దాచుకుని తల వంచుకుంది. అంబదాస్ వంగి, వేలుతో గాలిలో తీగ వెంట పోయాడు. ఎక్కడా ఆగలేదు.

సిద్దిరాములు నెత్తి కొట్టుకున్నాడు. "అరే! గది అలిగిన హంస! దొరసాని చిన్నగున్నప్పుడు గీ మెడ తిప్పిన హంసను సూపెట్టి, ఇది అలిగిందని నాతోని జెప్పి నవ్వేది. ఏండ్లకేండ్లు దాని పక్కనుంచే తిరిగిన, ఒక్కనాడు సక్కగ సూడలే."

లక్ష్మీరాజం ఉలిని మొలలో దోపుకున్నాడు. "సరే, దొరికింది గద. తొట్టెల లోపటికి పట్టు అన్నా, నేను గీస్త."

"నువ్వు గీస్తే అతుకు కనబడతది. తీగ ఒక్క ఊపుల రావాలె. గా ఊపు దీని చేతుల ఉంది." అంబదాస్ కూతురి వైపు చూశాడు. "గీస్తవా బిడ్డా?"

ఆమె తల ఊపింది, గట్టిగా.

"లోపలి అర్రలకా? ఆడపిల్లనా?" లక్ష్మీరాజం గొంతు లేచింది. "రేపు పూత సంగతి అత్తగారింట్ల జెప్తే? అవ్వా, నువ్వన్న జెప్పు అన్నకు!"

కమలవ్వ చేటలోని గింజలను అటూ ఇటూ జరిపింది. ఈ కట్టుబాటును అందరికంటే గట్టిగా పట్టుకున్నది ఆమే. కోడలు దేవవ్వ ఒకసారి అర్ర ఊడ్వబోయినా గడప దాటనివ్వలేదు. దేవవ్వ జిగురు గరిటె పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నేను ఈ ఇంటికి కోడలుగొచ్చినప్పుడు దీనంత లేను," అన్నది కమలవ్వ. "గా అర్రల ఏముందో ఇప్పటికి నాకెరుక లేదు. గింజలు నూరి నూరి చేతులు బండబారినయ్. నీకు ఒక్కడన్న కొడుకున్నడారా లక్ష్మీరాజం? అన్నకున్నడా? మరి మీరిద్దరు పోయినంక గా పూత ఎవల చేతుల ఉంటది?"

లక్ష్మీరాజం వాకిట్లోకి పోయి తొట్టెల ఒక కొస పట్టుకున్నాడు. "గీత వంకర వోతే మాత్రం నన్ను అనొద్దు," అంటూ లోపలికి నడిచాడు.

గంగుబాయి అర్ర గడప దగ్గర ఆగిపోయింది. చేతులకు ఇంకా ముగ్గుపిండి ఉంది. బాపమ్మ తన కొంగుతో ఆ చేతులు తుడిచి, వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టింది.

లోపల చల్లగా, ఏదో ఆకువాసన. బాపు కుంచె అందించాడు. అది అనుకున్నదానికంటే తేలిగ్గా ఉంది.

"దుమ్ము పడతది," అన్నది బయటి నుంచి కమలవ్వ, తలుపు రెక్కలు రెండూ దగ్గరికి లాగుతూ. "అయ్యేదాక బయటికి రాకు."

తలుపు మూసుకుంది.