అద్దంగారు గీసిన గీత

మార్చి పద్నాలుగు, గురువారం. ఆ ఉదయం ఏం తిన్నారో అద్దంగారికి ఇప్పటికీ గుర్తే. అంచులు మాడిన రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు, పంచదార వెయ్యడం మరిచిపోయిన కాఫీ. కాఫీ కలిపింది కోడలు. ఆయన అలాగే తాగేశారు. మాడిన అంచును చాకుతో గీకుతుంటే మాత్రం ఆ చప్పుడుకి ఆమె ఉలిక్కిపడి తలెత్తింది.

"ఇవాళ ఆ గీకుడు వినలేను మామయ్యా."

"సరే, మాడుతోనే తింటాను. పళ్ళకి మంచిదట," అని ఆయన చాకు పక్కన పెట్టేశారు. "నీ గుడ్డు అలాగే ఉంది."

"గొంతు దిగదు. మీరు తినేయండి."

"పదకొండింటికి ఆ తనిఖీ మేడమ్ వచ్చి చూసి వెళ్ళాక దిగుతుందిలే." పెంకు తియ్యని ఆ గుడ్డును రుమాల్లో చుట్టి కోటు జేబులో వేసుకున్నారు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసొచ్చిన కొడుకు పక్క గదిలో గురక పెడుతున్నాడు. వాడి నిద్ర చెడకుండా ఇద్దరూ బూట్లు చేత్తో పట్టుకుని బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని తొడుక్కున్నారు. మేడమ్‌ని తీసుకురావడానికి ఆమె స్టేషను వైపు వెళ్ళింది, ఆయన షెడ్డు వైపు.

ఆయన అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడదు. కార్లకు రంగులేసే ఆ షెడ్డులో నలభై ఏళ్ళుగా చివరి పని ఆయనది. రంగు ఆరాక, పైన వేసిన పారదర్శకమైన పూతను రుద్ది రుద్ది, అందులో తల దువ్వుకునేలా చేసి పంపిస్తారు. అందుకే అద్దంగారయ్యారు. ఆయన కంటికి గీత కనపడిందంటే చెయ్యి ఊరుకోదు. పక్కవాళ్ళ బండి మీద గీత కనపడినా వేలు తడిపి రుద్ది చూస్తారు. ఒకసారి ఎవరి పెళ్ళికో వెళ్ళి, మంటపం దాకా పోకుండా వాకిట్లో ఆగి ఉన్న కారు బానెట్ దగ్గరే ఉండిపోయారు.

అదే షెడ్డులో వెనక గది కోడలిది. రసాయన శాస్త్రం చదివిన పిల్ల. ఇద్దరు స్నేహితులతో కలిసి మూడేళ్ళుగా ఆ గదిలో ఒకే ఒక్క వస్తువు తయారుచేస్తోంది. గీత పడితే తనంతట తానే పూడుకునే పూత. "చర్మం మీద గీరుకుంటే మానదూ, అలాగే మామయ్యా," అని మొదటిసారి చెప్పినప్పుడు ఆయన నవ్వారు. "ఆ పూతలో అణువుల గొలుసులుంటాయి. తెగినా, కాస్త వెచ్చదనం తగిలితే మళ్ళీ చేతులు పట్టుకుంటాయి." ఆయన నవ్వు ఆపి, "మరి నేనేం చెయ్యాలి?" అని అడిగారు. ఆమె ఒక రేకు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి రేకుల మీద ఆ పూత చదునుగా పట్టేలా అడుగు నునుపు చేసి ఇస్తున్నది ఆయనే.

షెడ్డు తలుపు దగ్గర తుపాకి ఎదురయ్యాడు. రంగు చల్లే గన్ను చేతిలోంచి దించడు కాబట్టి వాడికా పేరు.

"ఏం అద్దంగారూ, ఇవాళేగా పరీక్ష. కోడలుగారు నెగ్గారంటే మీ నోటి దగ్గర కూడు పోయినట్టే."

"నా సంగతి సరే. గీతలు పడని బండికి మళ్ళీ రంగెవడు వేయించుకుంటాడు? నువ్వు ముందే ఇంకో గన్ను వెతుక్కో. సైన్యంలో ఖాళీలున్నాయేమో."

తుపాకి నవ్వుకుంటూ తన గదిలోకి పోయాడు. అద్దంగారు తన చోటికి వచ్చి దీపం వేశారు. స్టాండు మీద ఒక కారు తలుపు బిగించి ఉంది. ముదురు నీలం. నలభై ఏళ్ళలో పొద్దున్నే ఆ స్టాండు మీద ఉన్నదేదైనా పాలిష్ కోసం వచ్చిందే. పరీక్ష తలుపు వెనక గదిలో తాళం వేసి ఉందని ఆయనకు తెలుసు. ఇది ఇంకెవరిదో అనుకున్నారు.

దీపాన్ని పక్కకు వంచి చూశారు. మూడు గీతలు. చాలా సన్నం, తల వెంట్రుకలంత. పిడికి రెండు వేళ్ళ కింద ఒకటి ఏటవాలుగా, మధ్యలో ఒకటి చివర కొద్దిగా వంగి, కింది అంచు దగ్గర ఒకటి నిలువుగా. ఇరవై నిమిషాల పని.

పాలిషు డబ్బా పక్కన అరలో గుడ్డ ముక్కలుంటాయి. భార్య చివరి ఏడాది మంచం మీద కూర్చుని కుట్టినవి. మెత్తటి నూలు గుడ్డ కత్తిరించి, కుట్టు బయటికి వచ్చి గీరకుండా అంచు లోపలికి మడిచింది. మూడు వందలకు పైనే కుట్టింది. ఇప్పుడు పదకొండు మిగిలాయి. వాటిని ఇంట్లో మిగతా బట్టలతో కలపకుండా విడిగా, సబ్బు తక్కువ వేసి ఉతుకుతుంది కోడలు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు.

ఆయన ఒక ముక్క తీసుకుని పని మొదలుపెట్టారు. మూడు గీతలూ పోయాయి. వెనక్కి జరిగి, తలుపులో తన ముఖం చూసుకుని తృప్తిపడ్డారు. అప్పుడు కాలి కింద ఏదో అంటుకుని చప్పుడు చేసింది. బూటు ఎత్తి చూశారు. అడుగున ఒక కాగితం, దాని అంచున ఊడిపోయిన టేపు. కోడలి చేతిరాత.

"మామయ్యా, దీన్ని ముట్టుకోకండి. మా గదిలో హీటరు పోయింది. షెడ్డులో వెచ్చగా ఉండేది మీ చోటే కాబట్టి పదకొండు దాకా ఇక్కడ పెడుతున్నాను."

అద్దంగారు అక్కడే ఉన్న ముక్కాలిపీట మీద కూలబడ్డారు. నిన్న ఆమె ఇంటికి వచ్చేసరికి తను నిద్రపోయారు. పొద్దున ఆమె మనసంతా రైలు మీద ఉంది. కాగితం రాశాను కదా అనుకుంది పాపం. కార్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తనిఖీ మేడమ్ నిన్న సాయంత్రం ఈ తలుపు మీద తన చేత్తో గీతలు గీసి, ఫొటో తీసుకుని, రాత్రికి పక్క ఊళ్ళో ఉన్న అక్క ఇంటికి వెళ్ళింది. మామూలు గది వెచ్చదనానికి రాత్రికి రాత్రి గీతలు పోవాలి. పోతే ఇరవై కార్లకు ఆ పూత వేసి ఏడాది నడిపి చూస్తారు. పోకపోతే మూడేళ్ళ కష్టం ఆ వెనక గదిలోనే ఆగిపోతుంది. ఇప్పుడు గీతలు లేవు. పోగొట్టింది పూతా, ఆయనా?

నోరు మూసుకుంటే పని అయిపోతుంది. ఆ ఆలోచన వచ్చినమాట నిజం. గుడ్డ ముక్క వైపు చూశారు. నీలం మరక కూడా అంటలేదు. సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి తలుపు కిందే, అందరికీ కనపడేలా పెట్టారు.

కోడలితో ముందుగా ఓ మాట చెప్పే వీలు చిక్కలేదు. ఇద్దరూ కలిసే వచ్చారు. తనిఖీ మేడమ్ యాభై దాటిన మనిషి, మెడలో కళ్ళజోడు, చేతిలో చిన్న టార్చి. పలకరింపులవీ లేకుండా నేరుగా తలుపు ముందు గొంతుక్కూర్చుంది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి టార్చి తిప్పింది.

"ఒక్కటీ లేదే," అంది. ఇంకోసారి చూసింది. "పన్నెండు గీశాను. ఒక్కటీ లేదు."

కోడలి ముఖం విప్పారింది. మూడు నెలలుగా ఆ పిల్ల ముఖంలో ఆయన చూడని వెలుగు అది. దాన్ని ఆర్పాల్సింది తనే.

"అమ్మా, ఒక్కమాట," అన్నారు అద్దంగారు. "అది మొత్తం పూత చేసింది కాదు. పొద్దున నేను వచ్చేసరికి మూడు గీతలున్నాయి. నేను పాలిష్ పట్టేశాను."

పక్క గదిలో తుపాకి గన్ను బుసబుస ఆగింది.

"కాగితం అంటించాను మామయ్యా," అంది కోడలు.

"అంటించావు. ఊడి నా బూటుకి అంటుకుంది. తప్పు నీది కాదు, టేపుది. ఆ తరవాత నాది."

తనిఖీ మేడమ్ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. "మీరెవరు?"

"ఇక్కడ పాలిష్ పనివాణ్ణి. ఈ అమ్మాయికి మామగారిని."

"కోడలికి సాయం చేద్దామనుకున్నారా?"

"సాయం చెయ్యాలనుకుంటే నోరు మూసుకునేవాణ్ణి కదమ్మా."

ఆవిడ సంచీలోంచి ఫొటో తీసి, తనవైపే తిప్పి పట్టుకుంది. "మూడు అన్నారు. ఎక్కడెక్కడ?"

అద్దంగారు తలుపు దగ్గరికి వెళ్ళలేదు. నిలబడ్డచోటునుంచే చెప్పారు, పాత పరిచయస్తుల గురించి చెప్పినట్టు. "పిడి కింద రెండు వేళ్ళు వదిలి ఒకటి, ఏటవాలు. మధ్యలోది మొదట నిటారుగా పోయి చివర కుడికి వంగింది, గీసేటప్పుడు మీ మణికట్టు తిరిగి ఉంటుంది. మూడోది కింది అంచున, నిలువు. అది మిగతా రెండిటికన్నా లోతు."

ఆవిడ ఫొటో చూస్తూ ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టింది. "ఐదు, ఎనిమిది, పదకొండు," అని గొణిగింది. తరవాత కోడలి వైపు తిరిగి, "ఈ మూడూ గట్టిగా నొక్కి గీశాను. గీసేటప్పుడు నిన్ను అవతలికి పంపాను, జ్ఞాపకముందా? నొక్కిన సంగతి నాకొక్కదానికే తెలుసు," అంది. "మిగతా తొమ్మిదీ ఈయన రాకముందే పోయాయన్నమాట."

"అయితే..." అంది కోడలు.

"అయితే ఏం లేదు. ఈయన కన్ను మంచిదే. కానీ నేను కన్నును తీసుకెళ్ళి మా వాళ్ళకు చూపించలేను. నా రైలు నాలుగింటికి. మీరు మాకు పంపిన కాగితంలో ఇంకో మాట రాశారు, అరవై డిగ్రీల నీళ్ళు పోస్తే పది నిమిషాల్లో పోతుందని. అది చూస్తాను." ఆవిడ సంచీలోంచి గీతలు పెట్టడానికి తెచ్చిన ఇత్తడి బ్రష్షు తీసింది. ఏమనుకుందో, మళ్ళీ లోపల పెట్టేసి అద్దంగారి వైపు చూసింది. "మీరు గీయండి."

"నేనా?"

"ఎంత లోతు గీతకు ఎంత పని పడుతుందో నాకన్నా మీకు బాగా తెలుసు. తొలగించడానికి మీకు గంట పట్టేంత గీత గీయండి."

అద్దంగారు జేబులోంచి ఇంటి తాళంచెవి తీశారు. నలభై ఏళ్ళలో కొన్ని వేల కార్లు ఆ చేతి కిందుగా పోయాయి. ఒక్కదాని మీదా గీత గీయలేదు. ఉంగరం గీసుకుంటుందేమోనని పెళ్ళినాటి ఉంగరం కూడా పనిలో తీసి పక్కన పెట్టేవారు. తాళంచెవి నీలం రేకు మీద ఆనించారు. చెయ్యి కదల్లేదు.

"అది మీ పనితనాన్ని గీయడం కాదు మామయ్యా," అంది కోడలు మెల్లగా. "గీయమంటున్నది నా పనితనాన్ని. గీయండి. నాకు భయం లేదు."

పొద్దున గుడ్డు మింగలేకపోయిన పిల్ల ఆ మాట అంది. ఆయన ఊపిరి బిగబట్టి లాగారు. కర్రుమని మూడంగుళాల గీత. చూడలేక ముఖం తిప్పుకున్నారు. గోడ పక్కనుంచి తుపాకి తల కనపడింది.

"అద్దంగారు గీతలు గీస్తున్నారు. ఇక నేను ఏది చూసినా ఆశ్చర్యపోను."

"నువ్వు చూస్తూ నిలబడకపోతే టీ కెటిలు పట్టుకురా."

కెటిలు వచ్చింది. కోడలు థర్మామీటరు పెట్టి, చన్నీళ్ళు కలిపి అరవైకి తెచ్చింది. సన్నటి ధారగా పోసింది. మూడు నిమిషాలకు ఏమీ లేదు. అద్దంగారి వేళ్ళు గుడ్డ ముక్క కోసం తహతహలాడుతున్నాయి. రెండు చేతులూ చంకల్లో ఇరికించుకుని నిలబడ్డారు. ఐదో నిమిషంలో గీత కొస కనపడలేదు. ఆయన ముందుకు వంగారు. అద్దం మీద పడిన ఊపిరి ఆవిరి పక్కలనుంచి లోపలికి కరిగిపోయినట్టు, గీత కొసనుంచి మొదటికి తరిగిపోతూ వచ్చింది. చప్పుడు లేదు, పొడి లేదు, చెయ్యి లేదు. తొమ్మిదో నిమిషానికి మిగిలింది ఒక చుక్క.

తనిఖీ మేడమ్ టార్చి ఆ చుక్క మీద నిలిచింది. "ఇది?"

అద్దంగారు గోరు ఆనించి చూశారు. "ఇక్కడ గోరు ఆగుతోందమ్మా. మొదట చెయ్యి కదలక ఎక్కువ నొక్కాను. పూత దాటి రంగులోకి దిగింది. ఇది తనంతట తను మానదు."

"అవును. రంగు తెగితే మా పూత ఏమీ చెయ్యలేదు. అది కూడా కాగితంలో రాశాం," అంది కోడలు.

"రాశారు. కానీ కొన్నవాడికి ఏది మానుతుందో, ఏది మానదో ఎవరు చెప్తారు? అమ్మేవాళ్ళు అన్నీ మానతాయనే చెప్తారు." ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రాసుకోవడం మొదలుపెట్టింది. పొద్దున్న పాలిష్ సంగతి కూడా రాసింది. ఆయన ఎదుటే చదివి వినిపించింది. "ఇరవై కార్లకు నా తరఫున సిఫారసు రాస్తున్నాను. ఆ ఏడాది పొడుగునా వారానికోసారి ఈయన వచ్చి గీతలు చూసి, ఏవి పోతాయో, ఏవి పోవో ముందే గుర్తు పెట్టాలి. చూడటమే. ముట్టుకోకూడదు."

"అదే కష్టమమ్మా," అన్నారు అద్దంగారు.

మొదటిసారి ఆవిడ నవ్వింది. కోడలు నవ్వలేదు. ముక్కాలిపీట మీద కూర్చుని, "మామయ్యా, గుడ్డు ఉందా?" అని అడిగింది. ఆయన జేబులోంచి తీసి ఇచ్చారు. ఒక పక్క కొంచెం చితికింది. ఆ పిల్ల అక్కడే పెంకు ఒలిచి, ఉప్పు కూడా అడక్కుండా రెండు ముద్దల్లో తినేసింది. ఆయనకు ఆ రోజంతటిలో బాగా గుర్తున్నది అదే.

సాయంత్రం అందరూ వెళ్ళాక అద్దంగారు తన చోటికి వచ్చారు. తలుపు స్టాండు మీదే ఉంది. రేపు పొద్దున దాని ఫొటో తీసి పంపాలని తనిఖీ మేడమ్ చెప్పి వెళ్ళింది. ఆ చుక్క దీపానికి మెరుస్తోంది. సన్నటి కుంచె, ఒక బొట్టు నీలం, ఐదు నిమిషాలు. ఆయన చూస్తూ నిలబడ్డారు. గుడ్డ ముక్కను మడిచి అరలో మిగతా పదింటి మీద పెట్టారు. కోడలి కాగితాన్ని సాపు చేసి, తలుపు పైన, కంటి ఎత్తున, నాలుగు మూలలా టేపు వేసి అంటించారు. అంటింపు గట్టిగా ఉందో లేదో బొటనవేలితో రుద్ది చూసుకున్నారు.

బయట కోడలు మెట్టు మీద కూర్చుని భర్తకు ఫోనులో సంగతంతా మొదటినుంచి చెబుతోంది, బూటుకి అంటుకున్న కాగితం దగ్గరికి వచ్చి నవ్వుతోంది. అద్దంగారు దీపం ఆర్పారు. లోపల ఆ చుక్క ఉన్న రేకును అలాగే వదిలి, షెడ్డు తలుపును చప్పుడు కాకుండా దగ్గరికి లాగి గడియ పెట్టారు.