యెర్కో పడవ నీడ

మా పని చూసేవాళ్ళకి మేం కూర్చుని తూగుతున్నట్టే ఉంటుంది. సగం నిజమే. పడవ మనిషి నడిచినంత మెల్లగా పోతుంటుంది. దాని వెనక తాడుకు కట్టిన సోనార్ నీళ్ళలో ఈదుతూ వస్తుంది. మేం దాన్ని చేప అంటాం. అది రెండు పక్కలకూ శబ్దం విసురుతుంది. తిరిగొచ్చిన శబ్దం నా తెర మీద తేనె రంగు బొమ్మై పైనుంచి కిందికి జారుతుంది. ఇసుక, నాచు, మళ్ళీ ఇసుక. కరెంటు కేబులు వేసేవాళ్ళ కోసం ఆ వేసవంతా మా కోమిజ ఊరి ముందు సముద్రం అడుగున నడిచాను, కాలు తడవకుండా.

నా పక్కన ఎప్పుడూ వింకా పిన్ని. పడవ నడిపే ఫ్రానెకి సొంత పిన్ని, ఊరందరికీ పిలుపు పిన్ని. వంట చేస్తానని ఎక్కింది గానీ, అది వంకేనని మాకు తెలుసు. ముప్పై ఏళ్ళ కిందట ఆమె మొగుడు యెర్కో పడవేసుకుని వెళ్ళి తిరిగి రాలేదు. చెక్క ముక్క కూడా ఒడ్డుకు కొట్టుకురాలేదు. సముద్రం అవతలి ఇటలీకి పారిపోయాడంది ఊరు. అక్కడ ఇంకో సంసారం కూడా పెట్టించింది, కళ్ళారా చూసినట్టు. పిన్ని అదే నమ్మి అతన్ని నోరారా తిట్టుకుంటూ బతికింది.

"వాడు అడుగునుంటే ఏడుస్తా. లేకపోతే ఇంకా తిడతా. నేను పోయేలోగా ఏదో ఒకటి తేలాలి కదరా డింకో," అనేది నాతో.

"పిన్నీ, కూర మాడుతోంది!" అని అరిచేవాడు ఫ్రానె.

"నువ్వు చుక్కాని చూసుకోరా. కూర సంగతి నీకెందుకు?"

తెర చదవడం నేనే నేర్పాను. "వెలుగుతున్న ముద్దని చూడకు పిన్నీ. దాని వెనక శబ్దం అందని చోట నల్లగా నీడ పడుతుంది. ఆకారమంతా అందులోనే ఉంటుంది."

ఒకరోజు పొద్దున, సముద్రం నూనె పోసినట్టున్నప్పుడు, తెర ఎడమ వైపు ఓ ముద్ద మెరిసింది. ఇంజిను జోలకి నా కళ్ళు మూతలు పడుతున్నాయి. "రాయి," అన్నాను. పిన్నికి పాఠం చెప్పిన పెద్దమనిషిని, నీడ వంక చూడనే లేదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"రాయికి చెయ్యుంటుందేంట్రా?" అంది పిన్ని.

అప్పుడు చూశాను. ఇసుక మీద బారుగా పరుచుకుని ఒక పడవ నీడ. దాని వెనక భాగం నుంచి బయటికి చాచిన ఇనుప చెయ్యి. కోమిజలో పసిపిల్లలకి కూడా ఆ చెయ్యి తెలుసు. దానికి దీపం తగిలించి సార్డీను చేపల్ని పైకి రప్పిస్తారు. ప్రయాణంలో మడిచేసి ఉంచుతారు, వేట మొదలయ్యాకే చాస్తారు. ఇటలీ పారిపోయేవాడికి దాంతో పనేముంది?

"కొస దగ్గర ఆ వంకర చూడు," అంది పిన్ని. "రేవు గోడకి కొట్టాడు. సరిచేయించమని వందసార్లు చెప్పా. విన్నాడా?"

"పిన్నీ, పారిపోలేదు! వేటలోనే పోయాడు!" అన్నాను, ఆమెకేదో బహుమతి ఇస్తున్నట్టు. నాకు నిజంగా సంతోషమేసింది.

ఫ్రానె టోపీ తీశాడు గానీ పడవ ఆపలేదు. ఆపితే వెనకున్న మా సోనార్ చేప మునిగి అడుగుకు తగులుతుంది. నీడ మెల్లగా కిందికి జారుతోంది. పిన్ని దాని మీద అరచెయ్యి ఆనించి, దాంతోపాటే చేతిని కిందికి జరుపుతూ పోయింది. తెర అంచు దాకా వెళ్ళి ఆ చెయ్యి ఆగిపోయింది.

"గాలి లేస్తోందని ఆ సాయంత్రం అందరూ పడవలు కట్టేశారు," అంది, నా వైపు తిరక్కుండానే. "ఆయనా కట్టేసి ఇంటికొచ్చాడు. చేపల్లేకుండా నా గడప తొక్కకు అన్నాను. జన్మలో ఆ ఒక్కసారే నా మాట విన్నాడ్రా."