ఆమినస్‌కు మూడు వాక్యాలు

మా అత్తగారు ముప్ఫై ఏళ్లు స్కూల్లో ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యారు. రిటైరైంది స్కూలు నుంచే. ఇంట్లో మాకు ఇంకా సెలవులు ఇవ్వలేదు.

నా తోడికోడలు, చిన్నపిల్ల, లైబ్రరీలో గుమాస్తా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుని, జవాబు కోసం రోజుకు నాలుగుసార్లు గేటు దాకా వెళ్లి వస్తోంది. దాని ఇంటర్వ్యూ ఉత్తరాన్ని పోస్టు డబ్బాలోంచి తీసి అత్తగారి చేతికిచ్చింది మాత్రం నేను. ఆవిడ కవరు చించి చదువుకుని డిక్షనరీలో పెట్టేశారు. తేదీ నేను అడగలేదు.

ఐదు రోజుల తరవాత, బుధవారం సాయంత్రం, ఆవిడ డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని, ఆ పిల్లని ఎదురుగా నిలబెట్టారు.

"నీ ఉత్తరం ఇందులో ఉంది. ఇంగ్లిష్ రాకుండా వెళ్లి నా పరువు తీస్తానంటే ఒప్పుకోను. 'ఆమినస్' అనే ఇంగ్లిష్ మాటతో సొంత వాక్యం చెప్పు, ఇచ్చేస్తా. మూడు ఛాన్సులు."

పదేళ్ల కిందట నాకూ మూడు ఇచ్చారు. నేనింకా వంటింట్లోనే ఉన్నాను కాబట్టి ఫలితం చెప్పక్కర్లేదు.

"ఆకాశంలో నల్లమబ్బులు ఆమినస్‌గా ఉన్నాయి" అంది పిల్ల.

"అది గైడులోది. నీ బుర్రలో ఏమన్నా ఉందా, అద్దెకిచ్చావా?"

"కుక్క కరిచింది. అది ఆమినస్."

"కరిచాక ఇంకేముంది, కట్టు కట్టించుకోవడమే. కరవకుండా నిన్నే చూస్తూ నిలబడుతుందే, అదీ ఆమినస్. కీడు ఇంకా జరగకూడదు. వస్తోందని తెలియాలి, అంతే. ఒక్కటే మిగిలింది."

పిల్ల చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కాసేపు ఆలోచించింది.

"అత్తయ్య నవ్వుతూ 'రా బంగారం' అన్నప్పుడు, ఆ పిలుపు ఆమినస్‌గా ఉంటుంది."

అత్తగారికి కోపం రాలేదు. ముప్ఫై ఏళ్లలో ఇలాంటి స్టూడెంటు దొరకలేదన్నట్టు చూశారు.

"నూటికి నూరు. రా బంగారం, తీసుకో."

పిల్ల ఉత్తరం విప్పింది. రెండుసార్లు చదివింది.

"ఇంటర్వ్యూ మొన్న సోమవారం, అత్తయ్యా."

"అవును."

"మీకు ముందే తెలుసు."

"చదువుకున్నదాన్ని కదమ్మా."

"మరి దీన్నేమంటారు?"

"నీ ఇష్టం, ఏదైనా అనుకో. ఆమినస్ మాత్రం అనకు. అయిపోయినదానికి ఆ మాట వాడరు."

పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్‌లో దోపుకుని వంటింట్లోకొచ్చింది. నన్ను పక్కకు జరిపి తనే టీ పెట్టింది. నాకో కప్పు ఇచ్చింది. ఇంకో కప్పు తీసుకెళ్లి అత్తగారి ముందు పెట్టింది. నవ్వింది.

"తాగండి అత్తయ్యా. మీకోసం ప్రత్యేకంగా పెట్టాను."

ఆవిడ కప్పు వంక చూశారు. పిల్ల వంక చూశారు. కప్పు ముట్టుకోలేదు.

నేను నా టీ పూర్తిగా తాగేశాను. మామూలు టీయే, కాస్త చక్కెర తక్కువ. ఆ సంగతి అత్తగారికి చెప్పలేదు. రేపూ చెప్పను.